కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, కోలారు జిల్లాలో పాత కలప సామాను, అలంకరణ వస్తువుల సేకరణ

కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.) బంగారు గనుల పట్టణంలోను, చుట్టుపక్కల ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, మాలూరు, కోలారు ప్రాంతాల పల్లెల్లోను దొరికే పాత కుర్చీలు, బల్లలు, బీరువాలు, మంచాలు, గడియారాలు, దీపాలు, పటాలు, పింగాణీ, ఇత్తడి వస్తువుల సేకరణను ఈ శీర్షిక వివరిస్తుంది. ఈ సామాను ఇక్కడికి మూడు దారుల్లో వచ్చింది. గని కంపెనీ బంగళాల నుంచి ఇంగ్లీషు పద్ధతి సామాను, ఊళ్ళలోని తెలుగు, కన్నడ ఇళ్ళ నుంచి పెట్టెలు, పీటలు, ఉయ్యాలలు, స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ రంగ సంస్థల కార్యాలయాల నుంచి ఉక్కు, టేకు సామాను వచ్చాయి. పెద్ద రాజభవనాలు లేని ప్రాంతం కనుక ఇక్కడ వస్తువు విలువను దాని వయసు కన్నా ఆచూకీ ఎక్కువగా నిర్ణయిస్తుంది. అది ఏ బంగళాలో ఉండేది, ఏ షాఫ్టు కార్యాలయానిది అన్నది తెలిసిన మామూలు కుర్చీకి, ఏమీ తెలియని నగిషీ కుర్చీ కన్నా ఎక్కువ గౌరవం దక్కుతుంది.

నిర్వచనం, పరిధి

నూరేళ్ళు దాటిన వస్తువును పురావస్తువుగా లెక్కించడం వ్యాపారంలోను, భారతీయ చట్టంలోను వాడుకలో ఉన్న కొలత. నూరేళ్ళు నిండకపోయినా ఒక కాలపు అభిరుచిని చూపేదాన్ని వింటేజ్ వస్తువు అంటారు. 1940ల నుంచి 1960ల చివరి దాకా వచ్చిన, నగిషీ తక్కువగా, గీతలు సూటిగా, కాళ్ళు కిందికి సన్నబడుతూ ఉండే సామానుకు మిడ్‌సెంచురీ మోడర్న్ అన్న పేరు ఉంది. 1984లో అమెరికన్ రచయిత్రి కారా గ్రీన్‌బర్గ్ పుస్తకంతో ఆ పేరు ప్రపంచమంతటా స్థిరపడింది. కె.జి.ఎఫ్. సేకరణలో ఈ మూడు తరగతులతో పాటు నాలుగోది కూడా ఉంది. గనిలో పనికి వాడిన వస్తువులు ఇందులోకి వస్తాయి. అలంకరణ కోసం తయారు కాకపోయినా నేడు వాటిని ఇళ్ళ గోడలకు, బల్లలకు అలంకారంగానే వాడుతున్నారు.

చారిత్రక నేపథ్యం

కోలారు ప్రాంతంలో పూర్వకాలపు బంగారు తవ్వకాల జాడలు ఉన్నాయని 1802లో సర్వే చేసిన బ్రిటిష్ సైనికాధికారి జాన్ వారెన్ నమోదు చేశాడు. బెంగుళూరు దండులో స్థిరపడిన మైకేల్ లవెల్ 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకాల అనుమతి పొందాడు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగాక ఊరి రూపం మారింది. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ్ గనుల చుట్టూ యూరోపియన్ అధికారులకు బంగళాలు, క్లబ్బు, చర్చిలు, ఆసుపత్రి వచ్చాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల నుంచి వలస వచ్చిన తమిళ, తెలుగు కార్మికులకు మాత్రం ‘లైన్లు’ అనే ఒక్క గది వరుసలే దక్కాయి. ‘చిన్న ఇంగ్లండు’ అన్న పేరు ఈ ఊరికి బంగళాలను చూసి పెట్టిందే. లైన్లను చూసినవాళ్ళు ఆ పేరు పెట్టి ఉండరు.

సామాను రాకకు రెండు సంగతులు కీలకం. 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు వచ్చింది. ఈ బౌరింగ్‌పేటే నేటి బంగారుపేట. దాంతో మద్రాసు, బెంగుళూరు దుకాణాల బరువైన సామాను గని ముంగిట దిగడం సులువైంది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు సుమారు 148 కిలోమీటర్ల తీగ మీదుగా గనులకు చేరింది. బెంగుళూరు వీధుల కంటే ముందే ఇక్కడ విద్యుత్తు వచ్చింది కనుక, దేశంలో తొలితరం విద్యుత్ పరికరాల కోసం వెతికేవారు ఈ ఊరి పాత స్విచ్చులను, పింగాణీ ఫ్యూజు పట్టీలను, తీగలు దాచే చెక్క గొట్టాలను ప్రత్యేకంగా అడుగుతారు.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఈ మధ్యలో, 1964లో, భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ పుట్టింది. బెమెల్ అని పిలిచే ఆ సంస్థ కర్మాగారం, కాలనీ కూడా ఇదే పట్టణంలో వెలిశాయి. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి.

తెలుగువారికి సంబంధించిన పూర్వరంగం

తెలుగు పనివారికి ఇంగ్లీషు పద్ధతి సామాను తయారీలో కోలారు గనుల కంటే చాలా ముందే పేరుంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు చేసేవారు. జిట్రేగి వంటి ముదురు రంగు చెక్కలో ఏనుగు దంతం పొదిగి, ఆ దంతం మీద తీగలు, పూలు గీసి, గీతల్లో నల్ల లక్క నింపడం వారి పద్ధతి. ఆకారం లండన్ నమూనాది, పూలతీగ మాత్రం కోరమాండల్ కలంకారీ బట్టలది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వీటి నమూనాలు ఉన్నాయి (చూ. విశాఖపట్నం దంతపు పని).

సేకర్తల చరిత్రలో హైదరాబాదుది పెద్ద స్థానం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో మరణించేదాకా పోగు చేసిన సామానుతో 1951లో మ్యూజియం తెరిచారు. ఫ్రెంచి సామాను, గడియారాలు, గాజు, పింగాణీ ఒకే చోట చూడదలచిన తెలుగు సేకర్తకు మొదటి బడి అదే. ఆధునిక శైలిలోనూ ఒక తెలుగు లంకె ఉంది. పాండిచ్చేరి అరవిందాశ్రమంలోని ‘గోల్కొండ్’ వసతి గృహానికి హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వపు ధనం అందింది, పేరూ అక్కడిదే. 1930ల చివర వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ తరఫున ఆ నిర్మాణం చూసుకున్న జార్జ్ నకషిమా దాని కోసం రూపొందించిన టేకు సామాను భారతదేశపు తొలి ఆధునిక సామానులో ఒకటి.

రకాలు

కంపెనీ బంగళా సామాను. దీనిలో ఎక్కువ భాగం ఇంగ్లండు నుంచి వచ్చింది కాదు. ఇంగ్లీషు దుకాణాల చిత్రాల పుస్తకాలు చూసి, బర్మా టేకుతోనో, మలబారు టేకుతోనో, జిట్రేగితోనో దక్షిణాది వడ్రంగులు చేసిందే. వరండాలో వాడే పొడవు చేతుల పడక కుర్చీ దీనికి గుర్తు. చేతుల కింద దాగి ఉన్న పట్టీలను బయటికి తిప్పితే కాళ్ళు చాపుకోవచ్చు. వీపు, ఆసనం పేము అల్లిక. దీనితో పాటు అద్దాల అలమారలు, పాలరాతి పలక పరచిన ముఖం కడుక్కునే బల్లలు, టోపీలు, గొడుగులు తగిలించే నిలువు చట్రాలు, దోమతెర కట్టే పందిరి మంచాలు, విడదీసి బండి మీద వేసుకుపోగల ఇత్తడి మూలల పెట్టెలు కనిపిస్తాయి. వంచిన చెక్క కుర్చీలు కూడా వచ్చాయి. 1859లో వియన్నాలో మైకేల్ తోనెట్ రూపొందించిన 14వ నంబరు కుర్చీ వీటన్నిటికీ మూలం. మన కాఫీ హోటళ్ళ గుండ్రటి కుర్చీలు ఆ వంశానివే.

పల్లె ఇళ్ళ సామాను. కోలారు జిల్లా తూర్పు పల్లెల్లో ఇంటి మాట తెలుగు. సామాను కూడా చిత్తూరు, అనంతపురం జిల్లాల ఇళ్ళలోని సామానుకు దగ్గర. వీటిలో భోషాణం పెద్దది. ధాన్యం, పాత్రలు, పట్టుబట్టలు, దస్తావేజులు అన్నీ దానిలోనే దాచేవారు. పైన పరుపు వేస్తే ఇంటి పెద్ద పడుకునే మంచమూ అదే. ఇనుప పట్టీలు, పెద్ద గొళ్ళెం, లోపల రహస్య అర ఉంటే ధర పెరుగుతుంది. గొలుసుల ఉయ్యాల బల్ల, నవారు మంచం, కవ్వం, పచ్చీసు పలక, చెక్కిన గడపలు, తలుపులు, దేవుడి మందిరాలు, ఇత్తడి గంగాళాలు, దీపపు సెమ్మెలు ఈ తరగతిలోవి. గోడల మీద రవివర్మ అచ్చు పటాలు ఉండేవి. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ముద్రణాలయం లక్ష్మిని, సరస్వతిని మధ్యతరగతి ఇళ్ళ గోడల మీదికి తెచ్చింది. జరీ ముక్కలు, చమ్కీ అతికించి అలంకరించిన పటాలకు సేకర్తల్లో విడిగా గిరాకీ ఉంది. మైసూరు వైపు నుంచి జిట్రేగిలో పొదిగిన చిత్రాల బల్లలు, చన్నపట్నం లక్క పని వస్తువులు చేరాయి.

గని వస్తువులు. కార్బైడ్ దీపాలు, ఇత్తడి గంటలు, సర్వే పరికరాలు, బంగారం పరీక్షకు వాడిన గాజు పెట్టె త్రాసులు, మట్టి మూసలు, ఇనామెల్ హెచ్చరిక పలకలు ఈ కోవలోకి వస్తాయి. కార్బైడ్ దీపం పనితీరు సరళం. పై అరలో నీరు, కింది అరలో కాల్షియం కార్బైడ్ ఉంటాయి. నీరు చుక్కచుక్కగా పడితే ఎసిటిలీన్ వాయువు పుట్టి, అద్దం మధ్య ముక్కు దగ్గర తెల్లగా మండుతుంది. బొగ్గు గనుల్లో మాదిరి పేలుడు వాయువు భయం తక్కువ కనుక లోహపు గనుల్లో బయటి మంట దీపాలు చెల్లాయి. లైన్ల ఇళ్ళ నుంచి వచ్చే వస్తువులు అంత మెరిసేవి కావు. రేకు ట్రంకు పెట్టె, అంతస్తుల టిఫిన్ క్యారియర్, ఇనామెల్ కప్పు, స్టూడియోలో తీయించుకున్న పెళ్ళి ఫొటో వాటిలో ముఖ్యం. ధర తక్కువ కనుక వ్యాపారులు వీటిని పట్టించుకోరు. ఊరి చరిత్ర రాయదలచినవారికి ఇవి పడక కుర్చీల కంటే ముఖ్యమైన ఆధారాలు.

శతాబ్ది మధ్య నాటి సామాను. 1956 తరువాత బంగళాల్లోకి భారతీయ అధికారులు వచ్చారు. బెమెల్ కాలనీలో కొత్త క్వార్టర్లు లేచాయి. ఆ ఇళ్ళ సామాను తేలిక. కాళ్ళు సన్నబడే టేకు సోఫాలు, పేము వీపు కుర్చీలు, రేడియో బల్లలు, సన్‌మైకా అతికించిన టీపాయిలు, గాజు తలుపుల షోకేసులు వచ్చాయి. కార్యాలయాల్లో గోద్రెజ్ బీరువాలు, ఉక్కు బల్లలు నిండాయి. గోద్రెజ్ సంస్థ ఇనప్పెట్టెల తయారీ 1902 నాటిది, ఉక్కు బీరువాలు 1923 నాటివి. బేకలైట్ రేడియోలు, ఫోన్లు కూడా ఈ కాలపు సేకరణలోవే. ఈ సామానును చాలాకాలం ఎవరూ సేకరణ వస్తువుగా చూడలేదు. చండీగఢ్ ఉదంతం ఆ దృష్టిని మార్చింది. 1950లలో వాస్తుశిల్పి పియెర్ జెన్నరె పర్యవేక్షణలో అక్కడి కార్యాలయాలకు చేసిన టేకు, పేము కుర్చీలను తరువాత తుక్కు కింద వేలం వేశారు. అవే విదేశీ వేలంశాలల్లో లక్షల రూపాయలు పలికాయి. 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాన్ని, ఎగుమతిని ఆపమని ఆదేశించింది. కె.జి.ఎఫ్. సామానుకు అలాంటి పేరున్న రూపకర్త లేడు. అందువల్ల దాని ధరలు ఆ స్థాయికి పోవు, పోతాయని చెప్పే వ్యాపారిని నమ్మనక్కర్లేదు (చూ. చండీగఢ్ వారసత్వ సామాను).

చేతులు మారిన తీరు

బంగళా సామాను మూడు అలల్లో బయటికి వచ్చింది. స్వాతంత్ర్యం, జాతీయకరణల తరువాత యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లండు, ఆస్ట్రేలియాలకు వలస పోతూ ఇంటి సామానును వేలం వేసి, లేదా వంటవారికీ తోటివారికీ ఇచ్చి వెళ్ళాయి. రెండో అల 2001 మూసివేత. ఉద్యోగం పోయిన కుటుంబాలు బెంగుళూరుకు చేరాయి, మిగిలినవారిలో చాలామంది రోజూ రైలెక్కి అక్కడికే పనికి పోతున్నారు. చిన్న అద్దె ఇళ్ళలో పందిరి మంచానికి చోటు లేదు. మూడోది పల్లెల్లో ఇప్పటికీ సాగుతోంది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, మట్టి మిద్దెలు కూల్చి కాంక్రీటు ఇళ్ళు కడుతున్నప్పుడు భోషాణం వాకిలి దాటుతుంది.

వస్తువు మొదట రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట పాత సామాను దుకాణాలకో, ఊరూరా తిరిగే కొనుగోలుదారుకో చేరుతుంది. అక్కడి నుంచి బెంగుళూరు శివాజీనగర్ వీధులకు, అవెన్యూ రోడ్డు పరిసరాల్లో ఆదివారం పరిచే చోర్ బజారుకు పోతుంది. అంతకన్నా పెద్ద వ్యాపారం తమిళనాడు కారైక్కుడిలో ఉంది. ప్రతి మజిలీలో ధరతో పాటు కథ కూడా పెరుగుతుంది. పల్లె భోషాణం కారైక్కుడి చేరేసరికి చెట్టినాడు భోషాణమై, మామూలు గుమాస్తా కుర్చీ బెంగుళూరులో ‘గని దొర కుర్చీ’ అయిపోవడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. మొదటి ఇంటి దగ్గరే కొనేవారు కాగితం మీద యజమాని వివరం, పాత ఫొటో సంపాదించాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

వయసు తేల్చే పద్ధతులు

కలప చాలా ఆధారాలు ఇస్తుంది. చెక్క పొడవునా కంటే అడ్డంగా ఎక్కువ కుంచించుకుంటుంది కనుక, నూరేళ్ళ గుండ్రటి బల్లను రెండు వైపులా కొలిస్తే వ్యాసాల్లో తేడా తేలుతుంది. కచ్చితమైన వలయంగా ఉంటే అనుమానించాలి. సొరుగు బయటికి లాగి అడుగు, వెనుక పలకలు చూడాలి. పాలిష్ తగలని చెక్క ఏళ్ళ తరబడి గాలికి ఒకే తీరుగా నల్లబడుతుంది, కొత్త చెక్కకు టీ డికాక్షనో రంగో పూస్తే మచ్చలుగా కనిపిస్తుంది. చేతి రంపపు గాట్లు అటూ ఇటూ పోతాయి, వృత్తాకార యంత్రపు రంపం విల్లు వంపు గీతలు వదులుతుంది. డవ్‌టైల్ అతుకులన్నీ ఒకే కొలతలో ఉంటే యంత్రపు పని. మరమేకు తలపై కూడిక గుర్తు గాడి ఉంటే అది 1930ల తరువాతిదే. ఆ తరహా మరలకు అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు వచ్చింది 1936లో. ఒక మర మార్చినంత మాత్రాన వస్తువు కొత్తదైపోదు, కానీ అన్నీ అవే అయితే సంగతి వేరు.

పేము అల్లికలోనూ తేడా ఉంది. పాత కుర్చీల చట్రానికి చుట్టూ రంధ్రాలు ఉండి, ఒక్కో పోగూ చేత్తో దూర్చి అల్లి ఉంటుంది. తరువాతి వాటిలో ముందే అల్లిన చాపను గాడిలో నొక్కి పట్టీ అతికిస్తారు. జిట్రేగి, టేకులను బరువుతోనే పోల్చుకోవచ్చు. జిట్రేగి బరువెక్కువ, ఊదా రంగు చారలు ఉంటాయి. టేకు బంగారు గోధుమ రంగులో, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. గడియారాల ముఖం మీద మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వంటి అమ్మకందారు పేరు ఉన్నా, లోపలి యంత్రం మీద తయారీదారు ముద్ర వేరుగా ఉండవచ్చు. రెండూ చూడాలి.

నకళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది గ్రామఫోన్. తళతళలాడే ఇత్తడి బాకా, కొత్త చెక్క పెట్టె, దాని మీద కుక్క బొమ్మ రేకు కలిపి కొత్తగా చేసినవి దేశంలోని ప్రతి పాత బజారులో కనిపిస్తాయి. ఇత్తడి దిక్సూచులు, దూరదర్శినులు కూడా ఈ బాపతే. పాత తలుపు పలకలతో కొత్త అలమార చేసి అమ్మడం మాత్రం నకలు కాదు, ఆ మాట చెప్పి అమ్మినంతవరకు.

సంరక్షణ

కోలారు పీఠభూమి గాలి పొడిది. తీరప్రాంతంతో పోలిస్తే బూజు తక్కువ, చెక్క పగుళ్ళు ఎక్కువ. సామానును మధ్యాహ్నపు ఎండ పడే కిటికీకి దూరంగా ఉంచాలి. కె.జి.ఎఫ్.లో మరో సమస్య సైనైడ్ దిబ్బలు. బంగారం తీసిన తరువాత మిగిలిన మెత్తటి గని మట్టి గాలికాలంలో లేచి ఇళ్ళలో పేరుకుంటుంది. రాపిడి గుణం ఉన్న ఆ దుమ్మును పొడి గుడ్డతో రుద్దితే పాలిష్ గీతలు పడుతుంది, మెత్తటి కుంచెతో దులపడం మేలు. చెదలు నేల నుంచి ఎక్కుతాయి. పుచ్చు పురుగు చెక్క లోపలే ఉండి సన్నటి పిండి రాలుస్తుంది. పిండి తాజాగా రాలుతున్న వస్తువును వేరే గదిలో పెట్టి మందు వేయించాలి.

పాత సామాను మెరుపు చాలావరకు ఫ్రెంచి పాలిష్. లక్కను స్పిరిటులో కరిగించి, గుడ్డ ఉండతో పలుచగా పొరల మీద పొరలు పట్టిస్తారు. దాన్ని గీకి పాలియురెథేన్ పూత వేయిస్తే సేకరణ విలువ పడిపోతుంది. ఇత్తడిని చింతపండుతో తోమడం వంటింటికి సరే, నూరేళ్ళ దీపానికి కాదు, ముద్రలు, సన్నటి గీతలు అరిగిపోతాయి. పేము అల్లగలవారు తగ్గిపోతున్నందున, మరమ్మతు ఖర్చు కొన్నిసార్లు కుర్చీ ధరను మించుతుంది.

ప్రాముఖ్యం

సుమారు 120 ఏళ్ళలో దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చిన గనుల చరిత్ర ఎక్కువగా ఉత్పత్తి లెక్కల్లో, కంపెనీ నివేదికల్లో ఉంది. ఇళ్ళలో మనుషులు ఎలా బతికారన్నది సామాను చెబుతుంది. ఒకే ఊళ్ళో ఒకే ఏడాది ఒక ఇంట్లో పాలరాతి బల్ల, మరో ఇంట్లో రేకు పెట్టె మాత్రమే ఉండడం అక్కడి జీతాల తేడాను గణాంకాల కన్నా సూటిగా చూపుతుంది. దక్షిణాది పాత ఇళ్ళను సామానుతో సహా నిలబెట్టిన ప్రయత్నాల్లో చెన్నై దగ్గర 1996లో తెరిచిన దక్షిణచిత్ర ఒకటి. కోస్తా ఆంధ్ర ఇల్లు కూడా అక్కడ ఉంది. సేకరణ వల్ల నష్టమూ ఉంది. తలుపులకు, స్తంభాలకు ధర రావడంతో నిలబడగల ఇళ్ళను కూడా విప్పి అమ్ముతున్నారు. రథాల, గుడుల చెక్కడాలు అలంకరణ వస్తువులుగా మారడం అంతకన్నా తీవ్రమైన విషయం.

చట్టపరమైన స్థితి

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని కళావస్తువు, చేతిపని వస్తువు పురావస్తువు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు. శిల్పాలు, చిత్రాలు, చెక్కలో మలచిన మూర్తులు వంటి నిర్దేశిత తరగతుల వస్తువులను నమోదు చేయించాలి. వ్యాపారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు పురావస్తువును విదేశాలకు పంపకూడదు. వయసు విషయంలో సందేహం ఉన్న వస్తువును తీసుకువెళ్ళేవారు అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి పొందాలి. దంతం పొదిగిన వస్తువుల క్రయవిక్రయాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు. భూమిలో దొరికిన నిక్షేపాలకు 1878 నాటి చట్టం వర్తిస్తుంది. గని పరికరాలు ప్రభుత్వ సంస్థ ఆస్తి కనుక, వేలం రసీదు లేని దీపాన్నో త్రాసునో కొంటే దొంగసొత్తు కొన్న నేరం చుట్టుకునే ప్రమాదం ఉంది.

నూరేళ్ళ గీత ఏటా ముందుకు జరుగుతుంది. 1902లో తొలి విద్యుత్తుతో వచ్చిన దీపాలు, స్విచ్చులు ఆ గీతను ఇప్పటికే దాటాయి. జాతీయం చేసిన 1956లో గని కార్యాలయాల కోసం తయారైన బల్లలు 2056లో దాటుతాయి. అప్పటిదాకా వాటి అమ్మకానికి ఈ చట్టం కింద ఆంక్షలు లేవు.